విరామంలో వాయిద్యం: కవాతు యెవరిది, దరువు యెవరిది?

జనవరి 26 వచ్చినా, ఆగస్టు 15 వచ్చినా మన విద్యాలయాల ఆవరణలలో వొక దృశ్యం తప్పదు. జెండా యెగురుతుంది. తెల్ల దుస్తులు వేసుకున్న పిల్లలు డ్రమ్ములు వాయిస్తూ, కుడి యెడమల అడుగులు కలుపుతూ వేదిక ముందునుంచి సాగిపోతారు. వేదికమీది పెద్దలు వందనం స్వీకరిస్తారు. ఉపన్యాసాలు జరుగుతాయి. ఆ తర్వాత, బహుమతుల పంపకానికి ముందు, ‘సాంస్కృతిక కార్యక్రమాలు’ అనే పేరుతో చిన్న సందు దొరుకుతుంది. ఉత్తర తెలంగాణాలో, ముఖ్యంగా ఖానాపూర్, ఉట్నూరు, ఇంద్రవెల్లి ప్రాంతాలలో, నెమలి యీకల కిరీటాలు పెట్టుకున్న గుస్సాడీలు వచ్చేది ఆ సందులోకే. వారి వెనుక డోలు, తుడుం, పెప్రె వస్తాయి. గోదావరికి దిగువన కరీంనగరం వైపు పోతే అదే సందులోకి డప్పు వస్తుంది. పెద్దలు చప్పట్లు కొడతారు, ఫొటోలు దిగుతారు. కొద్ది నిమిషాలకే ‘యిక చాలు’ అని మైకు చెబుతుంది. దరువు ఆగిపోతుంది.

యిది చిన్న విషయమనీ, సంవత్సరానికి రెండు రోజులు జరిగే వేడుకను గురించి విమర్శ వ్యాసం రాయటం అనవసరమనీ అనేవారు వుంటారు. కాని వొక విద్యాలయంలో పాఠం కాదగినది యేది, విరామంలో సరదా కాదగినది యేది అని యెవరో నిర్ణయిస్తున్నారు. ఆ నిర్ణయంలోనే ఆ విద్య యెవరిదో తెలిసిపోతుంది. పిల్లల చేత వాయించే డ్రమ్ముకు సాధన వుంది, నేర్పే మాస్టారు వున్నాడు, కొనటానికి నిధి వుంది. అదే పిల్లవాడి తాత వాయించే తుడుముకు యివేవీ లేవు. విరామం మాత్రమే వుంది. మన వాదనంతా యీ తేడాను గురించే.

విరామ వాయిద్యానికి ప్రపంచంలో యెక్కడా లేనంత ఆర్భాటం అమెరికా కళాశాలలలో వుంది. దాని కథ మనకు పనికివస్తుంది గనక కొంచెం చెప్పుకోవాలి. 1862లో అమెరికా కాంగ్రెసు చేసిన వొక చట్టం భూములిచ్చి కళాశాలలు పెట్టించింది. వ్యవసాయం, యంత్రవిద్యలతో పాటు సైనిక శిక్షణ కూడా వాటిలో నేర్పాలన్నది. సైనిక శిక్షణ వచ్చినచోటికి సైనిక బ్యాండు కూడా వచ్చింది. ఆ బ్యాండు క్రమంగా కవాతు మైదానం నుంచి ఫుట్‌బాలు మైదానంలోకి నడిచింది. 1907లో పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థులు వరుసలు విడగొట్టి మైదానంమీద ‘పీ’ అక్షరం ఆకారంలో నిలబడ్డారు. వాయిస్తూ నడిచి మనుషులతో బొమ్మలు కట్టటం ఆ తర్వాత వొక పెద్ద విద్య అయింది. కళాశాల ఆటలో మొదటి సగానికీ రెండో సగానికీ మధ్య 20 నిమిషాల విరామం వుంటుంది. ఆ 20 నిమిషాలు చూడటానికే ఆటకు వచ్చేవారు కూడా వున్నారు.

మనం గమనించవలసిన మార్పు దక్షిణాది నల్లజాతి కళాశాలలలో వచ్చింది. 1946లో విలియం ఫాస్టర్ అనే సంగీతోపాధ్యాయుడు ఫ్లోరిడా ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయ బ్యాండుకు నాయకుడయ్యాడు; 1998 దాకా, అంటే అర్ధశతాబ్దం పైగా, దానిని నడిపాడు. తెల్లవారి విద్యాలయాల తలుపులు నల్లపిల్లలకు మూసివున్న రోజులలో ఆ పని మొదలైంది. ఆ బ్యాండు కొమ్ముబూరాలను పరాయివని పారెయ్యలేదు. సైన్యం నేర్పిన బిగదీసిన అడుగుకు తన ప్రజల నాట్యాన్నీ, తన వీధుల పాటనూ నేర్పింది. మోకాలు యెంత యెత్తున లేవాలో, నడుము యెప్పుడు వూగాలో సేనాధిపతి చెప్పటం మానేశాడు, వాయించేవారే చెప్పుకున్నారు. 1989లో ఫ్రెంచి విప్లవపు ద్విశతాబ్ది ఉత్సవాలకు పారిస్ వీధులలో అమెరికా తరఫున నడిచింది ఆ బ్యాండే.

యిది వొట్టి ప్రతిభ వల్లనే జరిగిందనుకుంటే పొరపాటు. అక్కడ బ్యాండు వొక చదువు. దానికి శాఖ వుంది, ఆచార్యుడు వున్నాడు, సాధన గది వుంది, వాయించే విద్యార్థికి వేతనం వుంది. విరామంలో కనిపించే 20 నిమిషాల వెనుక సంవత్సరమంతా నడిచే పాఠం వుంది. మన దగ్గర కనిపించే కొద్ది నిమిషాల వెనుక విద్యాలయం చేసిన పని యేమిటి? వొక ఆహ్వానపత్రం, వొక వాహనం.

అమెరికాను ఆదర్శంగా నిలబెట్టాలని మన ఉద్దేశం కాదు. 2011లో అదే ప్రసిద్ధ బ్యాండులో కొత్త పాత విద్యార్థుల మధ్య ‘ఆచారం’ పేరిట జరిగిన దెబ్బలకు వొక విద్యార్థి చనిపోయాడు. 2013 దాకా బ్యాండును ఆపివేశారు. క్రమశిక్షణను ప్రశ్నించరాని దేవతగా చేస్తే అది చివరికి యెవరి వీపుమీద పడుతుందో దీనివల్ల తెలుస్తుంది. సంప్రదాయమన్న మాట యెవరికి కవచమో తెలుసుకోవటానికి మరో రెండు సంఘటనలు చాలు. బానిసత్వాన్ని నిలబెట్టటానికి పోరాడిన దక్షిణ రాష్ట్రాలకు జాతీయగీతం వంటిదైన ‘డిక్సీ’ని మిసిసిపీ విశ్వవిద్యాలయపు బ్యాండు 2016 వరకూ వాయిస్తూనే వచ్చింది. టెక్సాస్ విశ్వవిద్యాలయపు పాట 1903లో, తెల్లవారు ముఖాలకు నల్లరంగు పూసుకొని నల్లవారిని వెక్కిరించే తమాషాలో మొదటిసారి వినబడింది. 2020లో విద్యార్థులు దాన్ని మార్చమంటే అధికారులు పాట వుంటుందన్నారు. అక్టోబరులో వాయించటానికి చాలినంతమంది ముందుకు రాక బ్యాండు మైదానంలో లేకుండానే ఆట జరిగింది. వాయించేవాడు చేయి కట్టుకొని కూర్చున్నప్పుడు సంప్రదాయానికి గొంతు లేదని ఆ రోజు రుజువైంది.

యిక మన దేశానికి వద్దాం. మన విద్యాలయాలలోని డ్రమ్ముల బ్యాండు కూడా సైన్యం బిడ్డే. తెల్లదొరల పటాలాలనుంచి పోలీసులకూ, పోలీసులనుంచి బడులకూ వచ్చింది. 1948లో జాతీయ విద్యార్థి సైనిక దళం యేర్పడింది. చైనాతో యుద్ధం తర్వాత 1963లో దాన్ని తప్పనిసరి చేశారు, 1968లో తిరిగి ఐచ్ఛికం చేశారు. తప్పనిసరి పోయినా కవాతు అంటే అదేననే అలవాటు పోలేదు. యిప్పుడు కొందరు దేశభక్తులు యీ అలవాటును సంస్కరిస్తామంటున్నారు. సంస్కరణ యేమిటి? ఢిల్లీలో జనవరి 29న జరిగే సైనిక వాద్య ప్రదర్శనలో యేండ్ల తరబడి వాయించిన వొక ఆంగ్ల భక్తిగీతాన్ని 2022లో తీసివేసి వొక హిందీ పాటను పెట్టారు. వలస మనస్తత్వం పోయిందని పత్రికలు రాశాయి. పాట మారింది సరే, వరుస మారిందా? వేదిక వున్న దిక్కు మారిందా? యెవరు నడవాలి, యెవరు వందనం అందుకోవాలి అన్నది మారిందా? ఆ మూడూ అలాగే వున్నప్పుడు స్వరం మార్చటం గోడకు కొత్త సున్నం వెయ్యటం వంటిది. మీరట్‌లో చాలా కాలంగా బూరాలు చేస్తున్నారు. ఆ బూరాలు ఊదే పెళ్లి బ్యాండువాళ్లు బంగారు పట్టీల పాత సిపాయి కోటు తొడుక్కొని, యెవరి పెళ్లికో నడుస్తూ, పందిట్లో భోజనానికి మాత్రం చివరి పంక్తికి వస్తారు. కోటు తెల్లదొరదా స్వదేశీదా అన్నదానికంటె ఆ పంక్తి ముఖ్యమైన ప్రశ్న.

యీ వరుసకు భిన్నమైన కవాతు మన జిల్లాలోనే వుంది. దండారి అంటే వేదిక ముందు ఆడే నృత్యమని పట్నవాసులు అనుకుంటారు. అది నిజానికి నడక. దీపావళి రోజులలో వొక గూడెం దండారి బృందం డోలు, తుడుం, పెప్రె మోగించుకుంటూ మరో గూడానికి అతిథిగా పోతుంది. ఆ గూడెం యెదురువచ్చి కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, రాత్రంతా కలిసి ఆడి, మర్నాడు సాగనంపుతుంది. ఆ చుట్టరికాలలోనే పెండ్లి మాటలు కలుస్తాయి, పాత తగవులు తీరుతాయి. గోదావరి వొడ్డున గుడిరేవులోని పద్మల్‌పురి కాకో దగ్గరికి యెక్కడెక్కడి దండారులూ నడిచి చేరుకుంటాయి. యీ కవాతుకు గమ్యం వుంది. యెదురుగా వున్నవాడు వందనం అందుకునే అధికారి కాడు, అన్నం పెట్టే చుట్టం. అతడు రేపు తన దండారితో మన గూడానికి వస్తాడు. యివాళ చూసేవాడు రేపు ఆడేవాడు కావటం యీ సంప్రదాయానికి ప్రాణం.

దీన్ని తెచ్చి మైదానంలో నిలబెట్టినప్పుడు దారి పోయింది. చుట్టం పోయాడు. మాసం పోయింది. మిగిలింది కిరీటం. ఆ కిరీటానికి దొరికే గౌరవం యెటువంటిదో చరిత్ర చెబుతుంది. ఇందిరాగాంధీ ప్రధానిగా వున్న రోజులలో మార్లవాయికి చెందిన కనకరాజు గారు ఢిల్లీ వెళ్లి గుస్సాడీ ఆడారు, రాజధాని ముచ్చటపడింది. ఆమె ప్రధానిగా వుండగానే, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో, తమ భూములకోసం సభ జరుపుకోవటానికి వచ్చిన గోండులమీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం వొప్పుకున్న లెక్క 13 మంది. చనిపోయినవారు అంతకంటె చాలా యెక్కువని ఆ ప్రాంత ప్రజలు నేటికీ చెబుతారు. మైదానంలో ఆడటానికి పిలిస్తే వచ్చిన గోండు కళాకారుడు. పిలవకుండా తనంత తాను సంతకు నడిచివచ్చిన గోండు నేరస్థుడు. కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ యిచ్చారు, సంతోషమే. 2024లో ఆయన కన్నుమూశారు. కుర్రవాళ్లకు గుస్సాడీ నేర్పుతూ బతికిన ఆ మనిషిని బిరుదుతో సత్కరించిన సర్కారుకు, ఆయన విద్యకు కళాశాలలో వొక పీఠం వెయ్యాలన్న ఆలోచన మాత్రం సులువుగా రాదు. బిరుదు వొక మనిషికి యిస్తే తీరిపోతుంది. పీఠం వేస్తే యేటేటా జీతం యివ్వాలి.

యిక్కడ మనకు యెదురయ్యే వాదనలు నాలుగు.

మొదటిది క్రమశిక్షణ వాదన. డ్రమ్ముల బ్యాండు పిల్లలకు క్రమశిక్షణ నేర్పుతుందనీ, దేశీయ వాయిద్యాలు కేకలూ గంతులూ నేర్పుతాయనీ కొందరు ఉపాధ్యాయులంటారు. డప్పు పట్టుకు చూడనివారి మాట యిది. సిర్ర వొక చేతిలో, చిటికెన పుల్ల మరో చేతిలో పట్టుకొని, తోలును మంటకు కాచి శ్రుతి తేల్చుకొని, పదిమంది వలయంలో తిరుగుతూ దరువునుంచి దరువుకు వొక్క సైగతో మారటానికి కావలసిన క్రమశిక్షణ యే కవాతు క్రమశిక్షణకూ తీసిపోదు. తేడా యేమిటంటే, వొకటి పక్కవాడి చెవిమీద ఆధారపడుతుంది, రెండవది ఆజ్ఞమీద. ప్రజాస్వామ్యంలో పౌరుడికి యేది యెక్కువ అవసరమో ఉపాధ్యాయులే ఆలోచించుకోవాలి.

రెండవది పవిత్రతా వాదన. అడవి కళను అడవిలోనే వుంచాలనీ, బడిలోకి తెస్తే చెడిపోతుందనీ అంటారు. యిందులో సగం నిజం వుంది గనక జాగ్రత్తగా విడదీయాలి. గుస్సాడీ వేషం దీక్ష, కిరీటం పూజావస్తువు. దానిని యే పిల్లవాడికిబడితే ఆ పిల్లవాడికి అట్టముక్కలతో చేసి పెట్టి వార్షికోత్సవంలో గంతులు వేయించటం అవమానం. దేన్ని బయటివారికి నేర్పవచ్చో, దేన్ని నేర్పరాదో గోండులు, ప్రధానులు, తోటీలు, కొలాములు తామే నిర్ణయించాలి. కాని డోలు దరువు, పెప్రె ఊపిరి, నడక లెక్క విద్యలు. వాటిని ‘అడవిలోనే వుంచండి’ అనటం గిరిజనుణ్ణి కూడా అక్కడే వుంచమనటానికి మర్యాదగల మాట. మారకుండా వుండవలసిన బాధ్యత యెప్పుడూ పేదవాడికే యెందుకు? నగరంలో సంగీతం నెలకొక కొత్త యంత్రం పట్టవచ్చు. గూడెంలో సంగీతం మాత్రం వెయ్యేండ్ల నాటిదై వుండాలి! దండారి కూడా మారుతూనే వచ్చింది. మార్పును నడిపేది గూడెమా, ఉత్సవ సంఘమా అన్నదే తగవు.

మూడవ వాదన అన్నిటికంటె గంభీరమైనది. అది మన మిత్రులనుంచి వస్తుంది. డప్పు కులం వేసిన బరువనీ, చావుకూ జాతరకూ చాటింపుకూ కూలి లేకుండా వెట్టిగా కొట్టించిన గుర్తు అనీ, దళితుల పిల్లలు చదువుకొని దానినుంచి బయటపడుతుంటే మళ్లీ చదువు పేరుతో మెడలో వెయ్యటం ద్రోహమనీ వారంటారు. డప్పును నేలకు కొట్టి వెళ్లిపోయిన తండ్రుల కోపం న్యాయమైనది. దాన్ని జానపద ప్రేమికులు యెన్నడూ అర్థం చేసుకోలేదు. అయితే అవమానం తోలులో వుందా, వెట్టిలో వుందా? 1994లో మాదిగల హక్కుల ఉద్యమం బయలుదేరినప్పుడు ‘దండోరా’ అనే పేరు పెట్టుకుంది. ఆదిలాబాదు ఆదివాసుల హక్కుల సంఘం ‘తుడుందెబ్బ’ అని పిలిపించుకుంటోంది. వాయించినందుకు తక్కువగా చూడబడినవారే ఆ వాయిద్యాన్ని తమ పిలుపుగా మార్చుకున్నారు. కాబట్టి విద్యాలయం చెయ్యవలసినది దళితుడి కొడుకు చేతికే డప్పు యివ్వటం కాదు. రెడ్డి కొడుకు, కోమటి కూతురు, బ్రాహ్మణ ఉపాధ్యాయుడి మనమడు దాన్ని దళిత గురువు దగ్గర కూర్చుని నేర్చుకోవాలి, పరీక్ష రాయాలి, తప్పు కొడితే ఆయనచేత దిద్దించుకోవాలి. డప్పు కులంనుంచి విడిపోయే రోజు అది. నేర్చుకోవటం యిష్టం లేని దళిత విద్యార్థిని యెవరూ బలవంతపెట్టరాదు. అతడి తాత నోట యెన్నడూ చెల్లని ‘వద్దు’ అనే మాట అతడి నోట చెల్లాలి.

నాలుగవది అర్హతల వాదన. డిగ్రీ లేనివాడిని ఉపాధ్యాయుడిగా యెలా నియమిస్తామంటారు. దీనికి జవాబు యీ జిల్లా 1943లోనే చెప్పింది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్‌ను చంపిన తర్వాత, ఆ అలజడికి కారణాలు తెలుసుకోవటానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుణ్ణి నియోగించింది. ఆయన మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించి, గోండీలో వాచకాలు తయారుచేయించాడు. డిగ్రీలు లేని గోండు యువకులు గోండు పిల్లలకు ఉపాధ్యాయులయ్యారు. వొక రాచరికపు ప్రభుత్వం, అదీ భయంచేత, చేయగలిగిన పనిని యెన్నికైన ప్రభుత్వం నిబంధనల పుస్తకం చూపించి తప్పించుకోవటం సిగ్గుచేటు. 2023 చట్టంతో ములుగులో గిరిజన కేంద్ర విశ్వవిద్యాలయం యేర్పడింది. వరంగల్లులో జానపద, గిరిజన విజ్ఞానానికి పీఠం వుంది. పరిశోధన జరగటం మంచిదే. కాని పరిశోధనకు వస్తువు కావటం వేరు, పాఠానికి గురువు కావటం వేరు. మొదటిదానికి టేపు రికార్డరు చాలు. రెండవదానికి కుర్చీ కావాలి.

యిక్కడ అభ్యుదయ వాదులమని చెప్పుకొనేవారికి వొక మాట. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను వాడుకొన్నప్పుడు దాన్ని ఉపన్యాసానికి ముందు జనాన్ని పోగుచేసే సాధనంగా చూడలేదు. కథే సభ అయింది. నాజర్ వంటి కళాకారుడు వేదికమీద మధ్యన నిలిచాడు. యివాళ వామపక్ష సభలలో జరుగుతున్నదేమిటి? ఊరేగింపు ముందు డప్పు నడుస్తుంది. వేదిక దగ్గరికి రాగానే డప్పు ఆగి వక్తలు యెక్కుతారు. డప్పు కొట్టినవాడు యెండలో నేలమీద కూర్చుని, తన విముక్తిని గురించి గంటల తరబడి వింటాడు. కలెక్టరుగారి మైదానంలోని విరామానికీ యీ సభలోని విరామానికీ వరుసలో తేడా యెంత? ప్రజాకళ అని పేరు పెట్టినంతమాత్రాన ప్రజలకు దాని మీద అధికారం రాదు. రూపం ప్రజలనుంచి తెచ్చుకొని, వస్తువు మనం నింపుతామనే పాత సూత్రాన్ని మార్చుకోక తప్పదు. రూపాన్ని కాపాడినవారికి వస్తువును గురించి కూడా చెప్పవలసినది వుంది.

చెయ్యవలసిన పనులు పెద్దవి కావు. ఖానాపూర్, ఉట్నూరు, నిర్మల్, జగిత్యాల వంటి చోట్ల కళాశాలలలో డప్పు, డోలు, తుడుం ఐచ్ఛిక పాఠ్యాంశాలు కావాలి. వాటికి మార్కులు వుండాలి. నేర్పేవారు ఆ విద్య తెలిసిన కులాలనుంచీ తెగలనుంచీ రావాలి. వారికి ఉపాధ్యాయుడి జీతం కావాలి, శాలువా చాలదు. బ్యాండు డ్రమ్ములు కొనే నిధిలోనుంచే తోలు, కర్ర కొనాలి. యే పండుగ కళను యెప్పుడు, యెక్కడ చూపవచ్చో ఆ పండుగ చేసుకొనేవారిని అడిగి వారి వొప్పుదలతో నడుచుకోవాలి. డ్రమ్ములు వాయించే పిల్లలకూ డోలు వాయించే పిల్లలకూ మధ్య గోడ కట్టవద్దు. ఫాస్టర్ శిష్యులు కొమ్ముబూరాను తమది చేసుకున్నట్టే మన పిల్లలు సైడ్‌డ్రమ్మునూ తుడుమునూ కలిపి కొత్త నడకను కనిపెట్టనివ్వండి. ఆ నడక పెద్దలకు నచ్చకపోవచ్చు. నచ్చితీరాలన్న నియమం యే రాజ్యాంగంలోనూ లేదు.

విద్యార్థులు యీ పనికి ప్రభుత్వపు ఉత్తర్వు కోసం కూర్చోనవసరం లేదు. వచ్చే జనవరి 26కు యింకా సమయం వుంది. మీ కళాశాలలో ఉత్సవ సంఘం కూర్చున్నప్పుడు వొక ప్రశ్న వెయ్యండి: డోలు వాయించటానికి వచ్చే వారికి యెంత యిస్తున్నారు, యెక్కడ కూర్చోబెడుతున్నారు, మర్నాడు మన తరగతికి వారిని పాఠం చెప్పటానికి పిలుస్తున్నారా? జవాబు లేకపోతే డ్రమ్ములు కింద పెట్టండి. టెక్సాస్ విద్యార్థులు చేసిన పని ఖానాపూర్ విద్యార్థులు చెయ్యలేనిది కాదు. వాయించేవారు లేని కవాతును వేదికమీది పెద్దలు యెంతసేపు చూడగలరో అప్పుడు తెలుస్తుంది.